పచ్చగుడ్డ అంచు

రోడ్డు వెడల్పు చేయబోతున్నారని మా పాత స్టూడియో ఉన్న వరసంతా ఖాళీ చేయమన్నారు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు వెళ్లే దారిలో ఒకే ఒక్క గది అది. ఎన్నో ఏళ్లుగా షట్టరు ఎత్తలేదు. తాళం రాకపోతే కొబ్బరినూనె పోసి చూశాను, తిట్టి చూశాను, చివరకు రాయి పెట్టి పగలగొట్టాను. లోపల విరిగిన లైటు స్టాండ్లు, బొద్దింకల కాపురాలు, అటక మీద ఒక అట్టపెట్టె. పెట్టెలో నాన్న తీసిన వీడియో టేపులు ఉన్నాయి. పెళ్లివారికి ఇచ్చిన సీడీలు కావవి. కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టు దాచిన అసలు టేపులు, ఒక్కోదాని మీద ఊరిపేరు, ఇంటిపేరు, నాన్న గుండ్రటి రాత. దొరికినందుకు సంతోషించాల్సింది పోయి పెట్టె మూత మళ్లీ మూసేశాను. ఆ టేపుల్లో ఏముందో ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు. అదేమిటో చెప్పాలంటే ముందు ఆ గదిలో మేం చేసిన పని గురించి చెప్పాలి.

మనిషిని పచ్చగుడ్డ ముందు నిలబెట్టి వీడియో తీసి, తర్వాత కంప్యూటర్లో ఆ పచ్చరంగును తీసేసి దాని చోట ఇంకో దృశ్యం పెట్టడం ఇప్పుడు ఫోను ఉన్న ప్రతి పిల్లకూ తెలుసు. అప్పట్లో మా వైపు దాన్ని మిక్సింగు షాటు అనేవారు. పెళ్లి వీడియోలో అలాంటిది ఒక్కటైనా లేకపోతే పెళ్లివారు చిన్నబుచ్చుకునేవారు. వేరే స్టూడియోల వాళ్లు మంచుకొండలూ తాజ్‌మహలూ పెట్టేవారు. నాన్న మా దగ్గరి మంచినీటి సరస్సు కొండకర్ల ఆవ పెట్టేవాడు. మా పల్లెల్లో పెద్దవాళ్లకు ఒక పట్టింపు ఉండేది. పదహారు రోజుల పండగ అయ్యేదాకా కొత్త జంట నీటి గట్టుకు పోకూడదు, గాలీ ధూళీ సోకుతుంది అని. "ఆళ్లు నీటికాడికి ఎల్లకూడదంటే నీటినే ఆళ్ల వాకిట్లోకి తెద్దాం" అనేవాడు నాన్న. పసుపు బట్టలైనా మార్చని పెళ్లికూతురు తాటిదోనె పక్కన, తామరాకుల ముందు, మొగుడి చెయ్యి పట్టుకుని నిలబడినట్టు టీవీలో కనిపించేసరికి ముసలమ్మలు బుగ్గలు నొక్కుకునేవారు.

అందరూ ముందు మనిషిని తీసి, ఆ తర్వాత వెనకాల ఏం పెడదామా అని వెతుక్కునేవారు. నాన్నది తిరగేసిన పద్ధతి. ముందు సైకిలు మీద ఆవకు పోయి నీటి దృశ్యం తీసుకొచ్చేవాడు. ఎండ ఎటునుంచి పడింది, పొద్దున్నా సాయంత్రమా, కెమెరా నడుమెత్తులో ఉందా తలెత్తులో ఉందా అన్నీ చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. పెళ్లింటి పెరట్లో గుడ్డ కట్టిన రోజు కెమెరా అదే ఎత్తులో, లైటు అదే వైపు నుంచి. లేకపోతే నీళ్ల మీద ఎండ ఒక వైపు, ముక్కుపుడక మీద మెరుపు ఇంకో వైపు ఉంటాయి. చూసేవాడికి తప్పెక్కడుందో తెలియదు గానీ అబద్ధమని తెలిసిపోతుంది. గుడ్డకు వేరే లైట్లు, మనిషికి వేరే లైట్లు. మనిషికీ గుడ్డకీ మధ్య ఆరడుగులు, లేకపోతే గుడ్డ మీది పచ్చవెలుగు చెవుల మీదా మెడ మీదా పడుతుంది, పచ్చరంగు తీసేటప్పుడు చెవులూ పోతాయి. ఆ పూట తలకు నూనె వద్దు, జుట్టు మెరిస్తే ఆ మెరుపులోనూ పచ్చరంగు పడుతుంది. గుడ్డ ఫ్రేముకు నాలుగు వైపులా జానెడు ఎక్కువ ఉండాలి. ఇవన్నీ పెళ్లికి వారం ముందే ఆ ఇంటికి వెళ్లి, పెరడు చూసి, మనుషులతో మాట్లాడి తేల్చుకునేవాడు. "మిక్సింగు మీద బరువు ఎట్టీవోడు కెమెరా పట్టుకోకూడదు" అని మాటకు ముందు అనేవాడు. నాకు ఆ మాట గిట్టేది కాదు. ఎందుకంటే మిక్సింగు చేసేదాన్ని నేనే.

ఈ పనిలో సగం అమ్మది. పచ్చగుడ్డ ఆవిడ సంరక్షణలో ఉండేది. మా ఇంట్లో ఏ బట్టకైనా గంజి పెట్టాల్సిందే, గంజి వాసన లేని దుప్పటి కప్పుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. కొత్తగా వచ్చిన పచ్చగుడ్డకు కూడా ఆవిడ చిక్కటి గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మెరిసేలా రుద్దింది. లైట్లు వేస్తే ఆ మెరుపంతా తెల్లటి మచ్చలై, మిక్సింగులో ఆవ నీటి మీద సున్నం చల్లినట్టు వచ్చింది. నాన్న ఒక్క మాట అనలేదు. అమ్మను పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టి ఆ మచ్చలు చూపించాడు. ఆ రోజు నుంచి ఆ గుడ్డను కుంకుడు రసంలో విడిగా ఉతికి, నీడన ఆరేసి, మడత పెట్టకుండా వెదురుబొంగుకు చుట్టేది. బెల్లం చేతుల్తో ఎవరైనా దగ్గరకు వెళితే ఊరుకునేది కాదు, తన పట్టుచీరలకు కూడా అంత కాపలా లేదు. పెళ్లిళ్లకు తోడు వెళ్లి పెళ్లికూతుళ్లకు చీరలు కట్టేదీ ఆవిడే. పెళ్లికూతురు రాకముందు ఆవిడే గుడ్డ ముందు నిలబడేది, నాన్న ఆవిడ ముఖం మీద లైటు సరిచూసుకునేవాడు.

ఒకసారి బుచ్చయ్యపేట దగ్గర ఒక రైతు ఇంటికి నేనూ వెళ్లాను. చెరుకు నరికే రోజులు, ఊరంతా పానకం కాగుతున్న వాసన. పెళ్లికూతురు ఏ రంగు చీర కడుతుందని నాన్న అడిగితే వాళ్ల నాయనమ్మ ముందుకొచ్చింది.

"మా ఇంటి ఆడపిల్ల పీటల మీంచి లెగిసినాక ఆకుపచ్చ కోకే కట్టాల. మా అత్త కట్టింది, నాను కట్టినాను. నీ యంత్రం కోసరం మానేత్తామేటి?"

"మానొద్దమ్మా. పచ్చకోకే కట్టండి. నాను నీలంగుడ్డ తెత్తాను" అన్నాడు నాన్న.

"అదేదో ముందే సెప్పొచ్చు గదయ్యా. కూకో, మజ్జిగ తాగు."

తిరిగి వస్తూ బస్సులో నాన్న నాతో అన్నాడు: "ఈ ముక్క పెళ్లినాడు తెలిస్తే ఏటయ్యీదో తెలుసా? కోకంతా ఎగిరిపోయి, తలకాయొకటీ ఆవలో తేలీది." అనకాపల్లి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. అడిగి తెలుసుకోవడం నాన్నకు పనిలో భాగం. గుడ్డ గురించి అడిగేవాడు, చీర గురించి అడిగేవాడు, ఇంట్లో ఎవరైనా కాస్త నీరసంగా కనిపిస్తే అడిగేవాడు. తన గురించి మాత్రం ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు.

ఇంటరు అయ్యాక నేను కంప్యూటరు మిక్సింగు నేర్చుకున్నాను. స్టూడియోలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటరుకే, నాకు అట్టముక్క. నాన్నకు మౌసు పట్టుకోవడం రాదు. తీసిన టేపు నాకిచ్చి, నేను పని ముగించాక వచ్చి వెనక నిలబడి చూసేవాడు. మధ్యలో ఎప్పుడూ చూసేవాడు కాదు. అది నా మీద నమ్మకం. ఆయన తీసిన షాట్లకు నేను చేయాల్సిన పని కూడా పెద్దగా ఉండేది కాదు, పచ్చరంగు మీద ఒక్క నొక్కు నొక్కితే మనిషి శుభ్రంగా విడివడి వచ్చేది. నాకు అదే లోటుగా ఉండేది. అంత నేర్చుకున్నది దేనికి?

మాడుగుల పెళ్లి టేపు ఎక్కించిన రోజు బాగా గుర్తుంది. పెళ్లివారు పంపిన హల్వా డబ్బా పక్కనే ఉంది, గది నిండా నేతివాసన. ఒక చేత్తో తింటూ ఒక చేత్తో పని చేస్తున్నాను. పచ్చరంగు తీసేయగానే ఆవ వచ్చింది, దోనె వచ్చింది, ఎడమ పక్కన ఒక గోడ కూడా మిగిలింది. సున్నం వేసిన వసారా గోడ, దాని మీద కేలండరు, సగం కుర్చీ. గుడ్డ అక్కడితో అయిపోయింది, ఫ్రేము ఇంకా ఉంది. నాన్న తీసిన షాటులో గుడ్డ చాలకపోవడం నేను అంతవరకూ ఎరగను. హడావుడిలో చూసుకోలేదనుకున్నాను. ఆ ముక్క చుట్టూ గీత గీసి కత్తిరించాను, ఐదు నిమిషాల పని. నాన్న వచ్చి వెనక నిలబడి, "ఏటమ్మా, ఎలాగొచ్చింది?" అన్నాడు. "బెమ్మాండంగా వచ్చింది నాన్నా" అన్నాను.

ఎందుకు చెప్పలేదు? పెద్ద మనిషి మనసు నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను, అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే నాకు సంతోషం వేసింది. ఎన్నడూ తప్పు చేయని మనిషి తప్పు చేశాడు, దాన్ని దిద్దింది నేను. మిక్సింగును తీసిపారేసే మనిషికి మిక్సింగు అవసరం పడింది, ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ల పిల్లకు అది చాలా పెద్ద ఆస్తి. ఎవరికీ చూపించకుండా దాచుకున్నాను.

ఆ తర్వాత రెండు మూడు పెళ్లిళ్లకు ఒకసారి గోడ కనిపించేది. తర్వాత ప్రతి పెళ్లికీ. ఎడమ పక్క మొదట జానెడు, తర్వాత మూరెడు. కొన్నాళ్లకు కుడి పక్కన లైటు స్టాండు కాలు కూడా ఫ్రేములో నిలబడేది. పెళ్లికొడుకు చెయ్యి చాపితే ఆ చెయ్యి గుడ్డ దాటి గోడ మీదకు పోయేది, అప్పుడు కత్తిరిస్తే చెయ్యే పోతుంది. అందుకని ఆ చేతి చుట్టూ బొమ్మ బొమ్మకూ గీత గీసేదాన్ని. సెకనుకు పాతిక బొమ్మలు, నాలుగు సెకన్లు చెయ్యి ఊపితే వంద చేతులు గీయాలి. గీశాను. విసుక్కోలేదు సరికదా, ఆ పనితనానికి నాకు నేనే మురిసిపోయాను. నాన్న వచ్చి ఎలాగొచ్చిందని అడగడం, నేను బాగా వచ్చిందనడం, ఆయన తల ఊపి వెళ్లిపోవడం ప్రతిసారీ ఉండేది.

ఇంట్లోనూ తేడా వచ్చింది. ఎడమ పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు తన్నేసేవాడు. గుమ్మానికి భుజం కొట్టుకునేవాడు. "ఏటండీ, అంత గుమ్మం కనబడ్లేదా?" అని అమ్మ కసిరితే "ఏదో ఆలోసనలో ఉన్నానులే" అనేవాడు. అమ్మ గ్లాసును కుడిచేతి వైపు పెట్టడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం పెసలు ఏరుతూ నన్ను అడిగింది.

"మీ నాన్న సూపు బాగానే ఉందంటావా? నువ్వు ఆయన తీసినవి రోజూ సూత్తావు గదా."

చేతిలో పెసలు అలాగే పట్టుకుని జవాబు కోసం నా ముఖంలోకి చూసింది.

"బాగానే తీత్తన్నాడమ్మా" అన్నాను.

ఆ ఒక్క మాటతో అమ్మ అనుమానం తీరిపోయింది. మళ్లీ అడగలేదు. ఆవిడకు నా మాట మీద నమ్మకం, నాన్నకు నా పని మీద నమ్మకం. నేను ఆ రెండు నమ్మకాల మధ్య కూర్చుని హాయిగా గీతలు గీసుకుంటున్నాను. చూపు సంగతి నాకు తట్టలేదా అంటే, తట్టింది. తట్టిన ప్రతిసారీ ఈ ఒక్క పెళ్లి సీజనూ అయిపోనీ అనుకున్నాను. నాన్న కెమెరా దించేస్తే నా కంప్యూటరు కూడా మూతపడుతుంది కదా.

ఊళ్లోనే గవరపాలెంలో ఒక పెళ్లిలో నాన్న కెమెరా భుజాన పెట్టుకుని పక్కకు జరుగుతూ అరుగు అంచు చూసుకోక కింద పడ్డాడు. మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు ఎందుకో అనుమానపడి, ముఖం ముందు వేలు ఆడించి చూసి, వెంటనే విశాఖపట్నం కంటి ఆస్పత్రికి వెళ్లమన్నాడు. అక్కడ నాన్న గడ్డాన్ని ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రం దగ్గర ఆనించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేనూ అమ్మా బయట బల్ల మీద కూర్చున్నాం. లోపల్నుంచి బటన్ చప్పుడు అప్పుడొకటి, ఇప్పుడొకటి వినిపించేది. మధ్యలో చాలాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు.

డాక్టరమ్మ ఒక కాగితం మా ముందు పెట్టింది. కనిపించే మేర తెలుపు, కనిపించని మేర నలుపు. ఆ నలుపును నేను ముందే చూశాను. ఏడాది పైగా కంప్యూటరు మీద నేను కత్తిరించి పారేసిన మేర అదే, ఎడమ పక్క ఎక్కువ, కుడి పక్క తక్కువ.

"నీటికాసులు. నొప్పి ఉండదు, మెల్లగా పక్కచూపు తినేస్తుంది. పోయిన చూపు ఇంక రాదు. ఏడాది, ఏడాదిన్నర కిందట వచ్చుంటే చుక్కల మందుతో చాలావరకు ఆపేవాళ్లం" అందావిడ. "ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"నేదమ్మా. ఆయన పనిలో ఎప్పుడూ తేడా రానేదు. మా అమ్మాయే సూత్తాది, అడగండి" అంది అమ్మ.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నేను కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను. ఆవిడ ఇంకో పేషెంటును పిలిచింది.

చుక్కల మందు వేశారు, ఆపరేషన్ చేశారు, ఉన్న చూపు కొన్నాళ్లు నిలిచింది. తర్వాత అదీ కొంచెం కొంచెంగా పోయింది. స్టూడియో మూశాం. నేను పనిలో పైకొచ్చాను, చేతిపని బాగుంటుందని పెద్ద పెద్ద ఊళ్ల నుంచి పని వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు ఇంటి మీద గదిలో ఏడెనిమిది మందికి నేర్పుతున్నాను కూడా. వాళ్ల దగ్గర ఉన్న యంత్రాలు చూస్తే నాకు ఆశ్చర్యం. నేను వారం రోజులు గీసిన చేతిని అరనిమిషంలో అవే విడదీస్తాయి. అందుకే కాబోలు, షూటు ముందు ఎవరూ ఏదీ అడగరు. గుడ్డ ముడతలు పడితే, లైటు తప్పుంటే, "తర్వాత చూసుకుందాం మేడమ్" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఒకమ్మాయిని ఏడిచేదాకా తిట్టాను మొన్న. నాన్న పద్ధతి నేర్పుతున్నానని వాళ్లనుకుంటారు, చాదస్తం అని కూడా అనుకుంటారు. ముందే సరిచూసుకుంటే పని తేలిక అని నాన్న చెప్పేది పనికి సంబంధించిన మాట. నాకు మాత్రం అది వేరే చోట తగులుతుంది. తర్వాత దిద్దగలిగిన చెయ్యి దగ్గరుంటే మనుషులు ముందు చూడాల్సింది చూడరు. మా ఇంట్లో ఆ చెయ్యి నాది.

అమ్మ పోయి మూడేళ్లు. ఆవిడకు చివరిదాకా చెప్పలేదు. నాన్న నా దగ్గరే ఉంటాడు. వెలుతురూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. స్టూడియో నుంచి పెట్టె తెచ్చిన మర్నాడు పొద్దున్న, పాత కెమెరా ఒకటి సంపాదించి మాడుగుల టేపు పెట్టాను. సౌండు తగ్గించడం మరిచిపోయాను. తెర మీద అమ్మ గుడ్డ ముందు నిలబడి ఉంది. "ఇంకా ఎంతసేపండీ, ఎండ దంచేత్తంది" అంటోంది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. నాన్న గోడ పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మీ అమ్మ" అన్నాడు. కాసేపు విన్నాడు. ముఖం విప్పారింది. "ఆనాటి ఎండ గుర్తుంది. ఇది మాడుగుల పెళ్లి గదా? మన షాటు ఒక్కటైనా బాగోలేదని తిరిగి రానేదమ్మా, ఏ పెళ్లికీ. సెప్పు, గుడ్డ ఎలాగుంది? ముడతలున్నాయా?"

"లేవు నాన్నా."

"మరి అంచు? సరిపోనాదా?"

ఎప్పటి జవాబు నాలుక చివర ఉంది. అమ్మ తెర మీద ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, ఆవిడ పక్కన ఆ గోడ, ఆ కేలండరు, ఆ సగం కుర్చీ.

"ఎడమేపు సాల్లేదు నాన్నా" అన్నాను. "అప్పుడే సాల్లేదు. నేనే కత్తిరించేసేను. ఇదొక్కటే కాదు, దీని తరవాతవన్నీ."

టేపు నడుస్తూ ఉంది. నాన్న రెండు చేతులూ బారజాపి ముఖం ముందు గాలిలో నిలిపాడు, ఫ్రేము కొలుచుకునేటప్పుడు చేసేవాడే, అలా.

"ఇది ఫ్రేమనుకో. ఎక్కడిదాకా ఉందో సూపించు."

ఎడమచెయ్యి పట్టుకుని జానెడు లోపలికి జరిపాను. "ఇది మాడుగుల" అన్నాను. పెట్టెలోంచి టేపు తర్వాత టేపు తీసి పేరు చదువుతూ, గుర్తున్న మేరకు జరుపుతూ పోయాను. ఒక్కో ఊరికీ ఇంకొంచెం లోపలికి. తర్వాత కుడిచెయ్యి కూడా. ఆ చేతులు ముడతలు పడి, తేలిగ్గా ఉన్నాయి, ఎటు జరిపితే అటు వచ్చాయి. గవరపాలెం టేపు దగ్గరికి వచ్చేసరికి రెండు చేతుల మధ్య ఆయన ముఖం పట్టేంత చోటే మిగిలింది. చేతులు వదిలేశాను. ఆయన దించలేదు. ఆ మిగిలిన చోటులోంచి నా వైపు చూస్తున్నట్టే ముఖం పెట్టి ఉంచాడు.

"ఇంత పోయీదాకా సూత్తా ఊరుకున్నావా, అమ్మా?"

ఊరుకోలేదు నాన్నా, సరిచేశాను, అనబోయాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న మాట అదే. ఆయన ముఖం ముందు అది బయటికి రాలేదు.

"ఊరుకున్నాను నాన్నా" అన్నాను.